లేచే మనిషి

"నీ ఇష్టం" అన్నాడు భర్త పొద్దున ఆఫీసుకి వెళ్తూ, షూ లేసు కట్టుకుంటూ, తలెత్తకుండా.

సాయంత్రం ఆరిన బట్టలు హాల్లో దివాన్ మీద కుప్పపోసి మడతపెడుతూ ఆమె ఇంకా ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూస్తోంది. వద్దంటే పోట్లాడొచ్చు. సరే అంటే సంతోషించొచ్చు. నీ ఇష్టం అంటే ఏం చెయ్యాలి? పెళ్లయిన కొత్తలో ఆ మాట వింటే ఎంత మంచివాడో అనుకునేది. పోనుపోను తెలిసింది, ఆ మాట పడిన తర్వాత ఇంట్లో ఏం జరిగినా అది తన నెత్తికే చుట్టుకుంటుందని. పిల్లాడికి మార్కులు తగ్గినా, అత్తగారికి మోకాళ్లు పట్టేసినా, చివరికి కుళాయి కారినా, అంతా ఆమె ఇష్టప్రకారం జరిగినట్టే.

యూనివర్సిటీలో పీహెచ్‌డీ పరిశోధనకి చేరతావా అని ప్రొఫెసర్ మేడమ్ ఫోన్ చేసి వారమైంది. ఊరికి ఆ చివర. ఉద్యోగం మానెయ్యాలి, పొద్దున్నే బయల్దేరాలి, ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం. ఆ సీటు కోసం ఇంకో అమ్మాయి కాచుకుని ఉంది, ఇవాళ సాయంత్రంలోగా తేల్చి చెప్పమంది మేడమ్.

విచిత్రమేమిటంటే ఎవరూ కాదనలేదు. చదువుకో అమ్మాయ్, నేనున్నన్నాళ్లూ ఎలాగో నెట్టుకొస్తాలే అన్నారు అత్తగారు, మోకాలు రుద్దుకుంటూ. నువ్వు డాక్టరువైనా నా జలుబుకి మందివ్వడానికి పనికిరావు కదా వదినా అని ఆడపడుచు నవ్వింది. అల్లుడుగారు ఒప్పుకున్నారా అని అమ్మ అడిగింది. ఆయన ఒప్పుకున్నారు, నేనే ఇంకా ఒప్పుకోలేదు అంటే, ఇదేం మాటే అని ఫోన్ పెట్టేసింది. అందరూ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. అలా పట్టుకున్న చేతులు నొప్పెడుతున్నాయని మాత్రం తెలిసేలా నిలబడ్డారు.

అడ్డం ఎవరూ లేనప్పుడు మనిషి తన లోపలికి చూసుకోవాలి. ఆమె చూసుకుంది. అక్కడ కోరిక ఉండాల్సిన చోట ఏదో మసగ్గా ఉంది. చదవాలని ఉందా, లేక స్కూల్లో ఆ గది నుంచి పారిపోవాలని ఉందా? పేరుకి అక్కడ పిల్లల కౌన్సెలర్. ఆమె గది ఆటసామాన్ల గది కూడా. గాలి పోయిన బంతుల మధ్య, చుట్టి పెట్టిన నెట్టు పక్కన కూర్చుని పిల్లలు తమ ఏడుపులు ఏడుస్తారు. అవి సగంలో ఉండగా ప్రిన్సిపాల్ తలుపు తోసి, మీరు ఖాళీగానే ఉన్నారుగా మేడమ్, ఏడో తరగతికి టీచరు రాలేదు, కాసేపు కూర్చోండి అంటాడు. విజిటర్లు వస్తే టీ సంగతి చూడమంటాడు. ఇది కాక మరేదైనా బాగుంటుందనిపించడం కోరికా, విసుగా? ఇన్నేళ్లుగా మిగతావాళ్ల ఆకలీ నిద్రా కనిపెట్టడంలో మునిగిన మనిషికి తన ఆకలి ఎలా ఉంటుందో గుర్తుండదేమో. ఈ ముక్క ఎక్కడో చదివినట్టుంది. లేదా తనే అనుకుందేమో. అదీ తెలియడం లేదు.

ఎమ్మే సైకాలజీ చదివే రోజుల్లో డిపార్టుమెంటులో ఒక అద్దం గది ఉండేది, ఇవతలివాళ్లకి అవతల కనబడుతుంది, అవతలివాళ్లకి అద్దమే కనబడుతుంది. అద్దానికి అవతల తల్లీ, నడక వచ్చీరాని బిడ్డా. కాసేపయ్యాక తల్లి బయటికి వెళ్లిపోతుంది. ఇవతల చీకట్లో ఈమె, ఇద్దరు అబ్బాయిలు. బిడ్డ తలుపు వైపు చూసినప్పుడల్లా చేతిలోని మీట బొటనవేలితో నొక్కాలి. అంతే పని. ఏం జరిగినా కుర్చీలోంచి కదలకూడదు. ఒకసారి ఒక బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఈమె ఎప్పుడు లేచిందో, తలుపెప్పుడు తీసిందో ఆమెకే తెలియదు. బిడ్డ భుజం మీదికి చేరాక, అద్దంలో తన మొహం కనబడ్డాక తెలిసింది. అక్కడ తీస్తున్న వీడియో రికార్డింగు పాడైంది. అబ్బాయిలిద్దరూ చాలా రోజులు ఆమెని ఆయమ్మా అని పిలిచారు.

వారం కిందటి ఫోన్లో మేడమ్ ఆ సంగతే ఎత్తింది. ఆ రికార్డింగు పారెయ్యలేదట. ఏటా విద్యార్థులకి చూపిస్తుందట. "ఏడుపు ముగ్గురికీ వినబడింది. నువ్వెందుకు లేచావన్నది ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. వచ్చి అదే రాయి" అంది.

మీట నొక్కే ఆ అలవాటు మాత్రం వేలిని వదల్లేదు. ఇంట్లో ఎవరు పిలిచినా ముందు బొటనవేలు చూపుడువేలి మీద నొక్కుకుంటుంది. తర్వాత ఆమె లేస్తుంది.

"ఇదిగో, నా బెల్టెక్కడ?" పడగ్గదిలోంచి భర్త కేక. స్నేహితుడింట్లో భోజనానికి బయల్దేరుతున్నాడు.

బొటనవేలు నొక్కుకుంది. కానీ ఆమె లేవలేదు. పంతమేం కాదు, చేతిలో దుప్పటి ఒక కొస దొరికి రెండోది దొరకలేదు. ఆలోచన కూడా అలాగే ఉంది. సోఫాలో కాళ్లు బారజాపుకున్న కొడుకు ఫోన్లోంచి చూపు తిప్పలేదు. పద్నాలుగేళ్లవాడు, చెవులు బాగానే పనిచేస్తాయి. కింద బోర్లా పడుకుని మ్యాపులో సముద్రానికి నీలం రంగు వేస్తున్న కూతురు మాత్రం తలెత్తింది. వాడిలో సగం వయసుది.

"ఏమోయ్, వినబడుతోందా?"

కూతురు పడగ్గది వైపు చూసింది. తర్వాత అమ్మ మొహంలోకి చూసింది. నీలం పెన్సిలు సముద్రం మధ్యలో వదిలేసి లేచింది. "వస్తున్నా నాన్నా" అంది. ఆ గొంతు అచ్చం అమ్మదే. చివర కొంచెం అలసట ఉంటుంది, అదీ దించినట్టు అదే.

ఆమె చేతిలో దుప్పటి జారింది.

"నీకు వినబడలేదట్రా?" కొడుకుని అడిగింది.

"వినబడింది. నన్ను కాదుగా."

కూతురు తిరిగొచ్చి మళ్లీ బోర్లా పడుకుంది.

"నాన్న నిన్ను పిలిచారా?"

"లేదు. నిన్ను."

"మరి నువ్వెందుకెళ్లావు?"

"నువ్వు లేవలేదుగా" అంది కూతురు, ఇంత చిన్న సంగతి అమ్మకెందుకు తెలియదో అర్థంకానట్టు.

భర్త బెల్టు బిగించుకుంటూ వచ్చాడు. కూతురి జుట్టు చెరిపి, "చూశావా మా బంగారుతల్లిని. నువ్వు హాయిగా చదువుకో. ఇక మాకేం ఢోకా లేదు" అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు. అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి.

అతను వెళ్లాక ఆమె చాలాసేపు ఒకే దిండు గలీబుని మడతపెట్టి విప్పింది. తను వెళ్తే ఆ ఖాళీలో ఈ పిల్ల లేస్తుంది. వెళ్లకపోతే, తను రోజూ లేవడం చూసి చూసి ఇది నేర్చుకుంటుంది. నేర్చుకోవడం కాదు, నేర్చేసుకుంది. అయితే ఎటు వెళ్లినా ఒకటేనా? ఒకటే అయినప్పుడు నిర్ణయం అనేది ఎక్కడుంటుంది? బుర్ర దారప్పోగుల ఉండలా చిక్కుపడింది. ఇంతలో ఫోన్ మోగింది. మేడమ్.

"ఏం తేల్చుకున్నావు?"

"తేలలేదు మేడమ్." ఆమె దివాన్ దిగి కూతురి పక్కన నేలమీద కూర్చుంది. "ఇంకా చిక్కుపడింది."

"ఆ అమ్మాయికి నేను ఏదో ఒకటి చెప్పాలి కదా."

అప్పుడే దేవుడి గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "అమ్మాయ్, స్టవ్ మీద పాలు." కూతురి తల చటుక్కున లేచింది. మోచేతులు నేలకి ఆనాయి. ఆమె కూతురి భుజం మీద చెయ్యి వేసింది. గట్టిగా కాదు, లేవకుండా ఉండేంత.

"వస్తాను మేడమ్" అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఒక క్షణం ఆమెకే నమ్మకం కలగలేదు. "కానీ నేనెందుకు లేచానో రాయను. ఆ అబ్బాయిలిద్దరూ ఎందుకు లేవలేదో, అది చూస్తాను."

వంటింట్లోంచి పాలు పొంగుతున్న వాసన వస్తోంది. అత్తగారు మళ్లీ పిలిచారు. కూతురి భుజం మీద చెయ్యి తియ్యకుండా ఆమె సోఫాలో కొడుకు వైపు చూస్తూ కూర్చుంది.