ముందు తిన్న ముద్ద

అందరూ తిని లేచాక గిన్నెలు ఖాళీ చేసే పని నాదే. అడుగంటిన అన్నం, పిల్లలు వదిలేసిన పెరుగన్నం, మధ్యాహ్నపు పులుసు, అన్నీ నా పళ్లెంలోకే. "పారబోస్తే లక్ష్మి పోతాది. నువ్వే తినేసెయ్ పంకజా," అనేది మా అత్త నాగరత్నమ్మ. తినీ తినీ ఒళ్లు పెరిగింది. చక్కెర జబ్బు ముదిరి, మాత్రలు పనిచేయక, రెండు పూటలా ఇన్సులిన్ సూది మొదలైంది. సాయంత్రం సూది వేసుకుని, మా ఆయన దేవరాజులు బట్టల కొట్టు మూసి వచ్చేదాకా తినకుండా కూర్చునేదాన్ని. చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. మొగుడికంటే ముందు ఆడది తినడం ఆ ఇంట్లో లేదు.

పంతొమ్మిది వందల ఎనభై రెండులో ఒకరోజు వడ్డిస్తూ వడ్డిస్తూ పడిపోయాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"ఏం తింటావు? ఎప్పుడు తింటావు?"

పెళ్లయ్యాక ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఏడుపొచ్చింది.

"సూది వేసుకున్నాక ఎవురికోసమూ కాసుకోవద్దు, తినేసెయ్యాల. మిగిలినవన్నీ నీ కడుపులో పోసుకోవద్దు. పొద్దున్నే నడువు. బరువు తగ్గితే మందు నేను తగ్గిస్తా. నీ అంతట నువ్వు మానొద్దు."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన నవ్వాడు. "దేవరాజులు పెండ్లాము వీధుల్లో తిరగతా ఉండాదని నలుగురూ అనుకోవాల్నా? సూది ఉండాది కదా, వేసుకో."

అయినా నడిచాను. చిత్తూరు దాటి బంగారుపాళ్యం రోడ్డెక్కితే మామిడిపూత వాసన. పుట్టింట్లో నాయన వెంట తోటంతా తిరిగి వస్తే, "అలిసొచ్చినావు, ముందు నువ్వు తిను," అని అమ్మ వేడి సంగటి ముద్ద నా ముందు పెట్టేది. ఆ పిల్ల ఎక్కడికి పోయిందా అనుకుంటూ నడిచేదాన్ని. ఇప్పటికీ ఆ ఉదయాలు తలుచుకుంటే కాళ్లకు హుషారొస్తుంది.

గిన్నెల్లో మిగిలినవి పెరట్లో గేదె కుడితిలోకి పోయాయి. వేళకు చిన్న సంగటి ముద్ద, ఆకుకూర తినేదాన్ని. "మొగుడు రాకముందే కడుపు నింపుకునే ఆడదాన్ని ఈడే సూస్తా ఉండా," అనేది అత్త. మింగుడుపడేది కాదు, అయినా మింగేదాన్ని. రవికలు వదులయ్యాయి. డాక్టరమ్మ పరీక్షలు చూసుకుంటూ మందు కొంచెం కొంచెంగా తగ్గించింది. రెండేళ్లకు సాయంత్రం సూది మాన్పించింది.

ఆ రోజు ఆయన పెందలాడే ఇల్లు చేరాడు. సంగతి విని నిజంగానే సంతోషపడ్డాడు.

"మంచిదే. ఇంక మునుపటి మాదిరి నేను తిన్నాకే తినొచ్చులే," అన్నాడు.

నా పళ్లెం ముందు కూర్చున్నాను.

"సూది పొయ్యింది గానీ ఆకలి పోలేదు. కూసోండి, తిని వడ్డిస్తా."