వెల్లుల్లి శిక్షణ

నిమ్మచెక్కతో ఎంత రుద్దినా అనిక వేళ్ళకు పట్టిన వెల్లుల్లి వాసన పోలేదు. పైగా గోళ్ళ పక్కన తోలు ఊడినచోట పులుపు తగిలి పిల్ల కెవ్వుమంది. చంద్రిక నిమ్మచెక్కను సింకులోకి విసిరికొట్టి చన్నీళ్ళు వదిలింది.

"సారీ తల్లీ, అయిపోయింది, అయిపోయింది."

"మామ్, నాకు గార్లిక్ వద్దు. ఇట్ బర్న్స్."

అనికకు ఇరవై మూడేళ్ళు. పుట్టుకతోనే మానసిక ఎదుగుదల నెమ్మది. మాట్లాడేది తక్కువే అయినా తనకేం కావాలో పిల్లకు బాగా తెలుసు. ఈ మాట నెలల తరబడి చెబుతూనే ఉంది. క్లాసు ఎగ్గొట్టడానికి వంకలని చంద్రికే కొట్టిపారేసింది.

ఇలాంటివాళ్ళ కోసం ప్రభుత్వం ఏటా కొంత డబ్బు కేటాయిస్తుంది. దానితో ఏం నేర్చుకోవాలో, ఎవరి దగ్గర నేర్చుకోవాలో ఆ మనిషే నిర్ణయించుకోవచ్చు. కాకపోతే ఆ ప్లాన్లూ నిబంధనలూ ఓ పట్టాన కొరుకుడు పడవు. అందుకే ఫీజిచ్చి, పని తెలిసినవాళ్ళను పెట్టుకుంటారు. తాముండే ఫ్రీమాంట్‌లో అలాంటివాళ్ళు మంచివాళ్ళే ఉన్నారు. చంద్రికా, ఆమె భర్త కిరణ్‌కుమారూ వాళ్ళెవరి దగ్గరికీ పోకుండా శ్యామ్‌సుందర్‌ను పెట్టుకున్నారు. ఎందుకంటే మనవాడు, గుట్టు బయటపెట్టడు.

గుట్టు పెద్దదే. తెలిసిన తెలుగువాళ్ళందరి లెక్కలో అనిక శాక్రమెంటోలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. బెల్లు మోగితే చాలు, పిల్ల ఐప్యాడ్ తీసుకుని పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది.

శ్యామ్‌సుందర్ ప్లాను రాసి, అనికను శాన్ రామన్‌లో తన ఇంట్లోనే భార్య నడిపే 'స్వతంత్ర జీవన శిక్షణ'లో చేర్పించాడు. పోయిన శనివారం ఒక గృహప్రవేశంలో చంద్రిక వెల్లుల్లి కారం మెచ్చుకుని మళ్ళీ వడ్డించుకుంది. పక్కన కూర్చున్న అలేఖ్య, ఈ మధ్యే కింది ఫ్లోర్‌లోకి వచ్చిన స్నేహితురాలు, నవ్వింది.

"శ్యామ్‌సుందర్ గారి మిసెస్ కేటరింగ్ అక్కా. గరాజ్‌లో పిల్లలెవరో కూర్చుని ఒలుస్తుంటారట. ఎక్కడ దొరుకుతారో ఏమో!"

చంద్రిక చేతిలోని ముద్దను కంచంలో వదిలేసింది. గంటకింతని శిక్షణ ఫీజు తీసుకుంటూ, చుట్టుపక్కల ఊళ్ళ విందులన్నిటికీ తన పిల్ల చేత వెల్లుల్లి ఒలిపిస్తున్నాడు! పిల్లకి కూలైనా లేదు. ఆ కారాన్నే తను లొట్టలేసుకుంటూ తింది.

ఇవాళ వచ్చే ఏడాది ప్లాను గురించి మాట్లాడడానికి ప్రభుత్వం తరఫున డెనీస్ ఇంటికి వచ్చింది. శ్యామ్‌సుందర్ "ఏం చెల్లెమ్మా, కాఫీ ఉందా?" అంటూ ఇంటి పెద్దల్లే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

వచ్చే ఏడాది ఏం చేయాలనుందని డెనీస్ అనికనే అడిగింది. అనిక నోరు తెరిచేలోపే అతను అందుకుని, తమ శిక్షణ పిల్లకు బాగా నచ్చింది, కొనసాగిద్దామని ఇంగ్లీషులో చెప్పేశాడు.

"నిన్నడిగారు అనికా, నువ్వు చెప్పు," అంది చంద్రిక.

అనిక రెండు చేతులూ బల్ల మీద చాచింది. "నో గార్లిక్. ఐ వాంట్ ప్లాంట్స్. నర్సరీలో. బస్‌లో వెళ్తా."

డెనీస్ చూపు ఆ ఎర్రటి వేళ్ళ మీద ఆగిపోయింది. శ్యామ్‌సుందర్ మొహాన నవ్వు చెదరనివ్వకుండా తెలుగులోకి దిగాడు.

"పిల్లను లోపలికి పంపించు చెల్లెమ్మా. మన విషయాలు మన మధ్యే ఉండాలి. రేపు ఉగాది ప్రోగ్రాంలో నలుగురూ శాక్రమెంటో కాలేజీ గురించి అడిగితే నేనేం చెప్పను?"

చూసేవాళ్ళకు కాఫీలో పంచదార అడుగుతున్నట్టే ఉంది. తల్లి భాషలో, తల్లి ఎదుటే, ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ బెదిరిస్తున్నాడు. చంద్రికకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ మాటే ఇంగ్లీషులో చెప్పండి అన్నయ్యా. ఆవిడ కూడా వింటుంది."

అతని నవ్వు మాయమైంది. "అదేంటి చెల్లెమ్మా..."

"చెప్పలేరా? అయితే నేనే చెబుతా."

చెప్పింది. గరాజ్, వెల్లుల్లి, కేటరింగ్, ఇప్పుడే చేసిన బెదిరింపు, తాము ఇన్నేళ్ళుగా ఆడుతున్న కాలేజీ అబద్ధం, అన్నీ. కోపానికి ఇంగ్లీషు తడబడినా ఆగలేదు. అంతా విని డెనీస్ అనిక వైపు తిరిగి, ఈయన నీకు సాయంగా ఉండాలా అని అడిగింది.

"నో," అంది అనిక.

"కిరణ్‌తో మాట్లాడతా," శ్యామ్‌సుందర్ బూట్లు తొడుక్కుంటూ అన్నాడు. "రేపట్నుంచి మనవాళ్ళకి మొహం ఎట్లా చూపిస్తావో నేనూ చూస్తా."

పై అధికారులకు రిపోర్టు చేస్తాననీ, కొత్త ప్లానుకు మాత్రం సమయం పట్టొచ్చనీ చెప్పి డెనీస్ కూడా వెళ్ళింది. అప్పటిదాకా పగలు పిల్లను ఎవరు చూడాలి, కిరణ్ ఎంత ఎగురుతాడు?

ఇంతలో బెల్లు మోగింది.

"అక్కా, అలేఖ్యని! మీ గిన్నె తెచ్చా."

అనిక ఐప్యాడ్ తీసుకుని లేచి, చప్పుడు కాకుండా పడగ్గది వైపు నడిచింది. ఈ శిక్షణ ఏ శ్యామ్‌సుందరూ ఇవ్వలేదు. కన్నతల్లే ఇచ్చింది. చంద్రికకు తన మీద తనకే అసహ్యం వేసింది. గబగబా వెళ్ళి పిల్ల మణికట్టు పట్టుకుంది.

"లోపలికొద్దు. వెళ్ళి తలుపు తియ్యి."

"నేనా?" అంది అనిక.

బెల్లు మళ్ళీ మోగింది. అనిక ఐప్యాడ్‌ను తల్లి చేతిలో పెట్టి తలుపు వైపు నడిచింది.