పెదాలు మాత్రమే కదపాలి

జూలై ఎండలో మా ఊరి పెద్ద వీధికి క్రిస్మస్ వచ్చింది. టీవీ సినిమావాళ్లు సబ్బు నురగ చల్లి మంచు అన్నారు, దుకాణాలకు దండలు కట్టారు, మాకందరికీ ఉన్ని కోట్లు తొడిగారు. కథ వాళ్లెప్పుడూ తీసేదే. పట్నం పోయిన అమ్మాయి పండక్కి సొంతూరు వస్తుంది, పాత ప్రియుడు కనబడతాడు, ఆఖర్న ముద్దు. కాఫీ హోటల్లో హీరోయిన్ వెనక కూర్చునే జనం మేము.

మా పక్కింటి గ్లెనిస్ కూడా తన రొట్టెల దుకాణం మూసి వచ్చింది. వద్దన్నాను, వినలేదు. షూటింగుకు క్లిఫ్ వస్తున్నాడని ఆమెకు తెలిసింది. పెళ్లి చేసుకుంటానని ఊరంతా చాటి, చెప్పాపెట్టకుండా ఎక్కడో దూరాన ఆల్బర్టా చమురు బావుల్లో పనికి పోయిన పెద్దమనిషి ఈ క్లిఫ్. జుట్టు నెరిశాక, ఈ వసంతంలో తిరిగొచ్చాడు. ఎదురుపడితే టోపీ ఎత్తడం తప్ప మాటా పలుకూ లేదు. ఎందుకు పోయాడో తన నోటితో ఒక్కసారి చెబితే చాలు, మళ్లీ దగ్గరకు రానిస్తానని గ్లెనిస్ నాతో అంది. నాకు ఒళ్లు మండింది.

అసిస్టెంట్ డైరెక్టర్ ఆ ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పాపం, ఆమెకేం తెలుసు. హీరోయిన్ మాటలే వినబడాలి కాబట్టి మేం పెదాలు కదపాలి తప్ప గొంతు పైకి రాకూడదని బల్ల బల్లకూ వచ్చి చెప్పింది.

కెమెరా తిరిగింది. క్లిఫ్ ముందుకు వంగి, గ్లెనిస్ కళ్లలోకి చూస్తూ పెదాలు కదిపాడు. మెల్లగా, ఎంతో బతిమాలుతున్నట్టుగా. పక్క బల్ల నుంచి చూస్తున్న నేనే నమ్మేశాను. గ్లెనిస్ మొహం ఎర్రబడింది. హీరోయిన్ మాట మధ్యలో ఆమె గొంతు హోటలంతా వినబడింది.

"నేనూ నిన్ను మర్చిపోలేదు క్లిఫ్. వచ్చెయ్."

డైరెక్టర్ ఆపమన్నాడు. జనమంతా ఇటు తిరిగారు. క్లిఫ్ తెల్లబోయాడు. కనీసం గొంతు తగ్గించాలని కూడా తోచలేదు మహానుభావుడికి.

"నేనేమన్నాను గ్లెనిస్? క్యారెట్లు, బఠాణీలు అంటున్నా. ఏం తోచకపోతే కూరగాయల పేర్లు అనుకోమందిగా ఆ అసిస్టెంట్ అమ్మాయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఆపేవాళ్లు లేరు. రోజూ ఆమె చేతి రొట్టె తినేవాళ్లే అందరూ. గ్లెనిస్ తల కోటు కాలరులోకి దించేసుకుంది. చెవులు కూడా ఎర్రబడ్డాయి. నాకే తల కొట్టేసినట్టయింది, ఇక ఆమెకు ఎలా ఉందో చెప్పలేను. లేచి ఇంటికి పోదాం రమ్మన్నాను. లేవలేదు. ఇప్పుడు లేస్తే రేపటి నుంచి ఈ వీధిలో నడవలేనంది.

లేచింది మాత్రం క్లిఫ్. కాస్త గాలి పీల్చుకొస్తానని గొణిగి, ఎవరి మొహమూ చూడకుండా తలుపు తోసుకుని పోయాడు. అందరం ఎదురు చూశాం. లైట్ల వేడికి ఉన్ని కోట్లలో చెమటలు కారుతున్నాయి. అసిస్టెంట్ డైరెక్టర్ వీధి చివరిదాకా వెళ్లి ఒంటరిగా తిరిగొచ్చింది. ఆయన ఎప్పుడొస్తారో తెలుసా అని గ్లెనిస్‌ని అడిగింది.

గ్లెనిస్ తలెత్తింది. చివరి బల్లవాళ్లకు కూడా వినబడేలా చెప్పింది.

"అతను రాడమ్మా. ఈ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టు."