పలచటి ఫోన్, పొడుగు స్క్రూ

కొత్త ఫోన్ వచ్చిన రోజున మా సర్వీస్ సెంటర్ మేనేజర్‌కి పూనకం వస్తుంది. పోయినేడాది వచ్చినదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, "చూడండి, ఎంత పలచగా ఉందో" అని అందరికీ తిప్పి తిప్పి చూపించాడు. ఆయనకేం, పట్టుకుంటే చాలు. విప్పాల్సింది నేను.

విప్పితే గానీ దాని బండారం తెలీదు. బ్యాటరీని జిగురుతో అంటించేశారు, వేడి చేసి చేసి ఊడబెరకాలి. స్క్రూలు రెండు రకాలు, పొడుగులో తేడా వెంట్రుకవాసి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే బోర్డులోకి దిగి లోపలి తీగల్ని తెంపేస్తుంది. పాత ఫోన్లలో కింద కాస్త ఖాళీ ఉండేది. ఇందులో అంత జాగా ఎక్కడ ఏడ్చింది? అందుకే తీసిన ప్రతి స్క్రూనీ వరసగా ఒక కాగితం మీద టేపుకి అంటించుకుంటాను. పదకొండేళ్లుగా అదే అలవాటు.

అయినా ఒక రోజు తప్పు చేశాను. అదే రకం పలచటి ఫోన్, ఒక టైలరమ్మది, బ్యాటరీ మార్చమని ఇచ్చింది. టేపు మీంచి ఒకటి తియ్యబోయి దాని పక్కది తీశాను. చివరి తిప్పు బిగుసుకోగానే చేతికి తెలిసిపోయింది. స్క్రీన్ మళ్లీ వెలగలేదు.

వెళ్లి మేనేజర్‌కి చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"కస్టమర్ పడేసిందని రాసి సంతకం పెట్టు. కొత్తది కొనుక్కుంటుంది."

"ఆవిడ పడెయ్యలేదు సార్. నేను పాడుచేశాను."

"అలా రాస్తే నీ ఉద్యోగం ఉండదమ్మా. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను, అబద్ధమెందుకు. ఇంట్లో సంపాదన నాదొక్కదే. జేబులో పెట్టుకుంటే వంగిపోయిన ఫోన్లకి కూడా ఇక్కడ అదే మాట రాస్తాం. నేనూ రాశాను. కాగితం నింపి కౌంటర్ దగ్గరికి పట్టుకెళ్లాను, సంతకం మాత్రం పెట్టలేదు.

టైలరమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"పడేశానా? ఏమో అమ్మాయ్, మిషన్ మీంచి ఎప్పుడైనా జారిందేమో. ఈమధ్య నా చేతులు వణుకుతున్నాయిలే. అందరి కొలతలూ అందులోనే ఉన్నాయి."

చెయ్యని తప్పుని నెత్తినేసుకుంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది, ముందు నా మీదే. కాగితం లాక్కుని ఆ మాట కొట్టేశాను. "కస్టమర్ పడెయ్యలేదు. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగించింది నేను. చిన్న పొరపాటుకి కూడా ఈ ఫోన్‌లో జాగా లేదు" అని రాసి సంతకం పెట్టాను.

"తెగిన తీగ అతికించి మీ కొలతలు తీసిస్తాను పిన్నిగారూ, నా ఉద్యోగం ఉన్నా ఊడినా" అన్నాను.

మేనేజర్ గదిలోంచి ఊడిపడ్డాడు. "ఏం చేస్తున్నావో తెలుస్తోందా?"

"ఇవాళే తెలిసింది సార్."

టైలరమ్మ ఆయన వైపు తిరిగింది. "పలచటి గుడ్డ కుడితే మేం లోపల లైనింగ్ వేస్తాం నాయనా. ఆ మాత్రం మీకు తెలీదా?" అని, కుర్చీల్లో కూర్చున్నవాళ్లని అడిగింది. "మీ కాగితాల్లో కూడా పడేశారనే రాశారా?"

ముగ్గురున్నారు. ముగ్గురూ చేతుల్లో కాగితాలు తిప్పి చూసుకున్నారు.

"నేను జేబులో పెట్టుకుని కూర్చున్నానంతే" అన్నాడు ఒకాయన మెల్లిగా.

ఆయన కాగితం మీద సంతకం నాదే.

"ఇలా ఇవ్వండి, దాన్నీ దిద్దుతాను" అన్నాను.