రెండు నిమిషాల పదకొండు సెకన్లు

దోసెల పిండిలో ఉప్పు కలుపుతుండగా హాల్లో దబ్బుమని చప్పుడైంది. మహేశ్వరి ముందు స్టవ్ ఆపింది, తర్వాత చెయ్యి కడుక్కుంది, ఆ తర్వాతే హాల్లోకి నడిచింది. నాలుగేళ్ళ కిందటైతే చేతిలో ఏముంటే అది పారేసి, ఏడుస్తూ ఉరికేది. ఇప్పుడు ఏడుపు రాదు, గుండె దడ కూడా రాదు. సాహితి నేలమీద పడి ఉంది, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. మహేశ్వరి కూతుర్ని పక్కకు తిప్పి, తల కింద మడతపెట్టిన దుప్పటి పెట్టి, కుర్చీని దూరంగా జరిపి, లేచి నిలబడి ఫోన్‌లో వీడియో తీయడం మొదలుపెట్టింది.

తీయమన్నది కర్నూలులో కొత్తగా చూపిస్తున్న డాక్టరమ్మ. స్కానింగులన్నీ బాగానే ఉన్నాయి, తలకు వైర్లు పెట్టి తీసిన రిపోర్టులూ బాగానే ఉన్నాయి, మాత్రలు మూడుసార్లు మార్చారు, అయినా ఫిట్స్ ఆగడం లేదు. నేను కళ్ళతో చూడాలి, మొదలైనప్పటి నుంచి పాపకు పూర్తిగా తెలివి వచ్చేదాకా ఆపకుండా తీసి తీసుకురండి అంది. ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పింది మహేశ్వరి. విన్నవాళ్ళెవరూ లేరు.

అత్త నాగలక్ష్మమ్మ తాళాల గుత్తి పట్టుకుని వచ్చింది, మనవరాలి చేతిలో పెట్టడానికి. ఫోన్ పట్టుకుని నిలబడ్డ కోడల్ని చూసి అక్కడే ఆగిపోయింది. "బిడ్డ కొట్టుకుంటాంటే ఫోటోలు తీస్తాండావే, నువ్వు కన్నతల్లివేనా?" అంది. మొగుడు సుధీర్ లేచాడు. వీధి తలుపు గడియ పెట్టాడు, కిటికీ రెక్కలు మూశాడు, టీవీ సౌండు పెంచాడు. ఆమె స్టవ్ ఆపినంత శ్రద్ధగా ప్రతిసారీ ఆయన ఈ మూడు పనులూ చేస్తాడు.

చెడ్డవాడని చెప్పడానికి లేదు. బనగానపల్లెలో బండల పాలిష్ షాపు ఉంది, నలుగురిలో మంచి పేరుంది. మొదటి రెండేళ్ళు ప్రతి డాక్టరు దగ్గరికీ కారులో తనే తీసుకెళ్ళాడు. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాక ఆయనకు విసుగు పుట్టింది. రిపోర్టులో లేని రోగం యాడిదంట, పరీక్షలప్పుడే ఎందుకు వస్తాదంట అని గొణగడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి కర్నూలు ప్రయాణాలు బస్సులో, తల్లీ కూతుళ్ళు ఇద్దరే. ఆ ఇంట్లో రోగానికి పేరు లేదు. "దానికి అది వచ్చిందా ఈరోజు?" అంటారు. పేరు పెడితే ఇంట్లోనే కాపురం పెడుతుందని భయమేమో. మహేశ్వరి పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూల్లోనూ అంతే. ఏ కారణమని రాయకుండా సెలవు చీటీలు ఇచ్చీ ఇచ్చీ, చివరికి పదో తరగతి లెక్కలు ఆమె చేతిలోంచి పోయాయి, మూడో తరగతి వచ్చింది. మీ ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటే కదా మేడమ్, చిన్న పిల్లలైతే మీకూ తేలిక అని కరస్పాండెంట్ నవ్వుతూ చెప్పాడు. ఆమె కూడా నవ్వింది. పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, ఎక్కాల చార్టు గోడకు అంటిస్తుంటే కనీసం బాధైనా కలగాలి కదా. కలగలేదు. అన్నం తిన్నా రుచి తెలియడం లేదని ఈమధ్యే గమనించింది.

ఇప్పుడు సాహితికి కడపలో డిగ్రీ సీటు వచ్చింది. సోమవారం హాస్టల్లో చేరాలి. సుధీర్ ఒప్పుకున్నాడు కానీ ఒక్క షరతు పెట్టాడు. హాస్టల్లో ఎవరికీ చెప్పకూడదు. వార్డెనుకూ వద్దు, గదిలో పిల్లలకూ వద్దు. చెప్పేటట్టయితే ఇంట్లోనే ఉండమను. ఇంట్లో ఉండటమంటే ఏమిటో మహేశ్వరికి తెలుసు. మూసిన తలుపుల మధ్య సాహితి ఇంకో మహేశ్వరి అవుతుంది. చెప్పకుండా పంపడమంటే ఏమిటో కూడా తెలుసు. ఏ బాత్‌రూంలోనో గడియ పెట్టుకుని పడిపోతే ఎవరు చూస్తారు? రెండింటిలో ఏది తక్కువ భయమో తేల్చలేక, వారం రోజులుగా ఆ సంగతి ఆలోచించడమే మానేసింది.

గురువారం డాక్టరమ్మ సాహితిని నర్సుతో బరువు చూడటానికి పంపించి, అప్పటిదాకా తీసిన మూడు వీడియోలూ వరసగా పెట్టింది. సౌండు తగ్గించలేదు. రెండుసార్లు వచ్చినవి మూర్ఛేనని, ఒకటి మాత్రం వేరే రకమని, దానికి కారణం ఇంకా వెతకాలని చెప్పింది. ఏదీ పాప కావాలని చేసింది కాదు, అది మాత్రం మనసులో పెట్టుకోండి అంది. మహేశ్వరి తల ఊపింది. హాస్టల్ సంగతి అడిగితే, పంపండి, కానీ గదిలో పిల్లలకు తెలిసి ఉండాలి అంది. తర్వాత చివరి వీడియో మళ్ళీ పెట్టి, "పాపకు తెలివి వచ్చేటప్పుడు మాట్లాడుతున్నది ఎవరు?" అని అడిగింది.

మహేశ్వరి విన్నది. గడియ చప్పుడు, టీవీలో ఎవరో నవ్వడం, అత్త సణుగుడు. ఆ తర్వాత ఒక ఆడగొంతు. "లేయ్ మ్మా, ఎవురూ సూడల్యా. ఎవురూ సూడల్యాలే." మూడు వీడియోల్లోనూ అదే మాట. అత్త గొంతనుకుంది. ఇంకోసారి విన్నాక నేనే అని చెప్పింది. డాక్టరమ్మ చీటీ రాసుకుంటూ పోయింది. నాలుగేళ్ళుగా బిడ్డను ఓదారుస్తున్నాననుకుంది మహేశ్వరి. స్పృహ తెలిసేసరికి దెబ్బ తగిలిందా అని కాదు, దాహమేస్తుందా అని కాదు, ఆ పిల్ల చెవిలో పడే మొదటి మాట ఇది. మొగుడు తలుపులు మూస్తే, మిగిలినదంతా తనే మూసింది. సిగ్గనిపించింది. చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి అనిపించింది.

బస్టాండులో బనగానపల్లె బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్లమీద కూర్చుని సాహితి అడిగింది. "మా, ఆ వీడియో నాకు సూపిస్తావా? నాకు అది వచ్చేది ఇంట్లో అందరూ సూసినారు, డాక్టరమ్మా సూసింది. నేనొక్కదాన్నే సూడల్యా."

వద్దని చెప్పడానికి నోరు తెరిచి, ఎందుకు వద్దో తోచక మహేశ్వరి ఫోన్ ఇచ్చింది. రెండు నిమిషాల పదకొండు సెకన్లు. కూతురు ఫోన్ చూస్తుంటే ఆమె కూతురి మొహం చూస్తూ కూర్చుంది. నంద్యాల బస్సు వచ్చింది, జనం ఎక్కారు, వెళ్ళిపోయింది.

"ఇంతేనా మా?"

"ఇంతే."

"నేనేమో మొగమంతా వంకర్లు తిరిగి, దయ్యం పట్టినట్ల అయిపోతానేమో అనుకుంటి. ఇంట్లో మీరు చేసేది సూసి అట్లే అనుకుంటి." సాహితి ఫోన్ తిరిగి ఇచ్చింది. "దీనికేనా నన్ను దాచిపెడ్తాండేది?"

తప్పయిపోయింది అని మహేశ్వరి అంది. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. వీడియోను కూతురి ఫోన్‌కు పంపింది. ఇది నీది, ఎవరికి చూపించాలో నీ ఇష్టం అని చెప్పింది. గదిలో పిల్లలకు మొదటిరోజే చూపిస్తానని, లేకపోతే ఊరికే భయపడి చస్తారని సాహితి అంది. చదువు విషయం మాట్లాడినంత మామూలుగా అంది.

అంతలో సుధీర్ ఫోన్ చేశాడు. డాక్టరమ్మ ఏమందో అడిగి, సగం విని, ఆ మాత్రలన్నీ ఏదన్నా విటమిన్ డబ్బాలోకి మార్చమన్నాడు. హాస్టల్లో అడిగితే బలానికని చెప్పమన్నాడు. పాత డబ్బా ఒకటి వాళ్ళమ్మ దగ్గర ఉందట, కడిగి ఆరబెట్టి ఉంచిందట.

"డబ్బా అవసరం ల్యా. సోమవారం వార్డెన్‌తో నేనే మాట్లాడతా. సాహితికి మూర్ఛ ఉండాదని చెప్తా," అంది మహేశ్వరి.

"నీకేమన్నా మతి పోయిందా? ఒకరికి తెలిస్తే నలుగురికీ తెలుస్తాది," అన్నాడు.

"తెలియనీ. తెలిస్తేనే కదా, బిడ్డ పడినప్పుడు ఎవురో ఒకరు పక్కకు తిప్పేది."