డాక్టరు అన్న అసలు మాట

"రేపు పనిలోకి రావచ్చన్నారని చెప్పు," అన్నాడు కాంట్రాక్టరు గ్రెగ్, కాలో చెవిలో.

డాక్టరు అన్నది అది కాదు. "ఈ పాదం రెండు వారాలు నేలమీద మోపకూడదు. రోజూ కట్టు మార్చాలి. షుగరు మందు మారుస్తున్నాను. అశ్రద్ధ చేస్తే కాలు దక్కదు." అంతే చెప్పి, పంపు తిప్పి చేతులు కడుక్కుంటున్నాడు.

బల్లమీద కూర్చున్న లేమారా కాలో నోటివంకే చూస్తోంది. వనువాటు దీవుల నుంచి ఆస్ట్రేలియాలోని ఈ క్వీన్స్‌లాండ్ చిలగడదుంపల చేలకు వచ్చిన ముప్పైనాలుగు మందిలో ఇక్కడివాళ్ళ గబగబ ఇంగ్లీషు అందేది కాలో ఒక్కడికే. అందుకే గ్రెగ్ అతన్ని ముఠామేస్త్రీని చేశాడు. నిరుడు ఎదురు చెప్పిన మేస్త్రీని మూడోరోజుకల్లా విమానం ఎక్కించాడు.

"పెద్దగా ఏం లేదంట పిన్నీ," అన్నాడు కాలో నేల చూస్తూ. "రేపు పనికి పోవచ్చంట."

"అర్థమైందా ఆమెకి?" డాక్టరు అడిగాడు.

"బాగా అర్థమైంది," అన్నాడు గ్రెగ్.

తొమ్మిదోరోజున దుంపలు కడిగే షెడ్డులో లేమారా కూలబడింది. పక్కన పనిచేస్తున్న రోలెనాస్ ఆమె బూటు ఊడదీస్తే కంపుకి పక్కవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. గాయమైనా ఆరకముందే గ్రెగ్ శనివారం విమానానికి ఆమె టిక్కెట్టు కొన్నాడు. పాత జబ్బులకి బీమా రాదట.

ఆ సాయంత్రం కూలీల వంటింట్లో అన్నం, డబ్బా చేపలు చల్లారిపోతున్నాయి. ఎవరూ ముట్టలేదు.

"ఊరినించి మోసుకొచ్చిన రోగమంటాడా?" రోలెనాస్ గరిటె విసిరికొట్టింది. "మన జీతంలో బీమా కోసేటప్పుడు గుర్తుకు రాలేదా ఆ మాట? బీమా కార్డులు కూడా వాడి సొరుగులోనే!"

ముసలి టాసో గొంతు సవరించుకున్నాడు. "నాకు బీపీ. ఏడాదినించీ దాస్తన్నా. చెబితే పంపేస్తాడని."

"నాకు ఉబ్బసం," అందింకొకామె. "దగ్గొస్తే బయటికి పోయి దగ్గుతా."

ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. ఇన్నాళ్ళూ ఒకే కప్పు కింద పడుకుని, ఎవరి జబ్బు వాళ్ళు దొంగసొత్తులా దాచుకున్నారు. దాచుకున్నకొద్దీ గ్రెగ్‌కు లోకువయ్యారు.

కాలో లేచి నిలబడ్డాడు.

"డాక్టరు పనికి పొమ్మనలేదు. కాలు మోపొద్దన్నాడు. గ్రెగ్ చెప్పమన్నది నేను చెప్పాను."

రోలెనాస్ వచ్చి చెంప చెళ్ళుమనిపించింది. "పిన్నీ అని పిలిచావు కదరా ఆవిణ్ణి! నోరెలా వచ్చింది?"

"కొట్టు. ఇంకా కొట్టు."

"నిన్ను కొడితే గ్రెగ్‌కి తగుల్తదా?" అన్నాడు టాసో. "ఆ డాక్టరు ముందే నిలబడి చెప్పు. మేమూ వస్తాం. అందరం."

శనివారం పొద్దున పనికి తీసుకెళ్ళడానికి వచ్చిన వ్యాను ఖాళీగా వెనక్కి పోయింది. చెరకుతోటల మధ్య రెండు గంటలు నడిచి, ముప్పైముగ్గురూ ఆస్పత్రి వార్డు ముందు బైఠాయించారు. కాలో జరిగిందంతా చెప్పాడు. డాక్టరు మొహం పాలిపోయింది. ఈమె ప్రయాణం చేయకూడదని రాసి సంతకం పెట్టాడు.

గ్రెగ్ ఇద్దరు పోలీసుల్ని వెంటేసుకొచ్చాడు. "చెప్పు వీళ్ళకి! పదింటికల్లా షెడ్డులో లేనివాళ్ళంతా వారంలోగా ఇంటికే!"

కాలో ఒక్క మాట తగ్గించకుండా, గొంతెత్తి చెప్పాడు. ఎవరూ కదల్లేదు.

"ఇప్పుడు మన మాట ఆయనకి చెప్పు," అన్నాడు టాసో. "మా కార్డులు మాకియ్యాలి. డాక్టరు గదిలో కాంట్రాక్టరు ఉండకూడదు. డాక్టరు మాట మా భాషలో చెప్పేవాణ్ణి ఆస్పత్రే పెట్టాలి. జబ్బు చేసిందని ఎవర్నీ పంపకూడదు."

అదీ చెప్పాడు కాలో. గ్రెగ్ మొహం కందగడ్డయింది. "ఈ గొడవంతా వీడిదే!" అని వేలు చూపించాడు. లేవమన్నారు పోలీసులు. కాలో లేవలేదు. రెక్కలు విరిచి పట్టుకున్నారు.

సందు దొరికిందనుకుని గ్రెగ్ వార్డు తలుపు తొయ్యబోయాడు. రోలెనాస్ అడ్డం నిలబడింది. ఆమెకొచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలే.

"మా మనిషి. మా డాక్టరు. నువ్వు బయట."

ఆమె వెనక ముప్పైఒక్కమందీ లేచారు. లోపల్నుంచి లేమారా కేక వినబడింది: "రానీకండే వాణ్ణి!"

కాలోని ఎక్కించుకుని పోలీసు కారు ఆస్పత్రి గేటు దాటింది. రోలెనాస్ కొట్టిన చెంపను కాలో తడుముకున్నాడు. గ్రెగే కౌలుకు తీసుకున్న టమాటా తోట వైపు నుంచి, మట్టి బూట్లతో, పని టోపీలతో జనం వరసగా నడిచి వస్తున్నారు. కబురంది కదిలిన సాలమన్ దీవుల కూలీలు. ముందున్నవాడు కుంటుతున్నాడు. అతనికి రెండు పక్కలా ఇద్దరు భుజాలు పట్టారు.

"ఎవరు వీళ్ళంతా?" అన్నాడు పోలీసు విసుగ్గా.

"రోగులు," అన్నాడు కాలో. "వెనక ఇంకా ఉన్నారు."