అత్తయ్య ఎంచిన నీలం

పాలు కప్పులో పడలేదు. వంటింటి గట్టు మీద పడి, అక్కణ్ణించి అత్తయ్య పాదాల మీదికి కారాయి. ఆవిడ మాత్రం గిన్నె వంచే ఉన్నారు. పాదం తడిశాక ఆగారు.

"నిండిపోయిందా?" అన్నారు.

"నిండింది అత్తయ్యా," అన్నాను. అది అబద్ధం. కప్పులో చుక్క కూడా లేదు. దేవుడు ఈపాటి అబద్ధాలను లెక్కలోకి తీసుకుంటాడో లేదో నాకు తెలియదు.

అత్తయ్యకు చూపు మందగించి రెండేళ్లయింది. ఇక పెరగదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవాలనీ, ఇంట్లో వెలుతురు బాగుండాలనీ డాక్టరు చెప్పారు. ఆయన ఇంకా ఏదో చెప్పారు గానీ మా ఆయనకు వెలుతురు అన్న మాట ఒక్కటే బుర్రకెక్కింది. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. మొదలుపెట్టిన పని సగంలో వదిలే మనిషి కాదు. వరసగా రెండు ఆదివారాలు నడుం బిగించి ఇల్లంతా తెల్లరంగు కొట్టేశారు. గోడలు, తలుపులు, ద్వారబంధాలు, అలమరాలు, చివరికి హాలుకూ వంటింటికీ మధ్య ఉన్న ఒకే ఒక్క మెట్టు కూడా తెలుపే. నేనేం తక్కువ తినలేదు. తెల్ల దుప్పట్లు, తెల్ల తెరలు, తెల్ల కప్పులు కొన్నాను. దేవుడి మూలలో తెల్లని గుడ్డ కట్టాను. తెలుపు పవిత్రమని చిన్నప్పటినుంచీ నా నమ్మకం.

అంతా అయ్యాక అత్తయ్యను హాలు మధ్యలో నిలబెట్టి, "ఎలా ఉందమ్మా?" అని మా ఆయన గర్వంగా అడిగారు.

"బాగుంది నాయనా. నన్నెప్పుడు డిశ్చార్జి చేస్తారు?" అన్నారావిడ.

మేమిద్దరం నవ్వాం. ఆ మాటలోని నిజం మాకు ఎక్కలేదు.

పాలు ఒలికిన వారానికే ఆవిడ మెట్టు దగ్గర తూలి పడ్డారు. ఎముక విరగలేదు గానీ మోకాలు వాచింది. కబురు తెలిసి మా ఆడపడుచు వచ్చారు. ఆవిడ ఒక బడికి హెడ్మిస్ట్రెస్. ఇంట్లో కూడా ఆ కుర్చీ దిగరు.

"ఏమ్మా, మనిషిని కనిపెట్టుకుని ఉండటం అంత కష్టమా?" అని నన్నడిగారు. తర్వాత తమ్ముడి వైపు తిరిగారు. "ఇంత చేసినా అమ్మకి ఇల్లు తెలియడం లేదంటే ఇక లాభం లేదురా. నెలాఖరు ఆదివారం వస్తాను. తనంతట తను వంటింటిదాకా వెళ్లి రాగలిగితే సరే. లేదంటే మా ఇంటికి తీసుకెళ్లిపోతా. కింది గదిలో మంచం వేయిస్తా, ఒక ఆయాని పెడతా."

మా ఆయన తల దించుకున్నారు. ఆడపడుచు వెళ్లిపోయాక అత్తయ్య నన్ను దగ్గరికి పిలిచారు.

"దాని తప్పేం లేదే. ప్రేమే. కానీ అక్కడ నాకో మంచం ఉంటుంది. ఇక్కడ నాకు ఇల్లుంది. వెళ్తే మళ్లీ రాను, నాకు తెలుసు."

"అలా అనకండి, దేవుడున్నాడు."

"ఉన్నాడు, ఎటున్నాడో తెలియక ఒక అంచనా మీద దండం పెడుతున్నా. నీ తెల్ల గుడ్డ ముందు దీపం వెలుగుతోందో లేదో కూడా తెలియట్లేదు. ఆయనే సర్దుకుంటున్నాడు పాపం."

ఆవిడ సరదాగానే అన్నారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. ఆ మూల నేను అమర్చింది దేవుడి కోసమా, నా కోసమా?

మర్నాడు హాల్లో కూర్చుని మా ఆయన చొక్కాకు గుండీ కుడుతున్నాను. నల్ల గుండీ జారి ఎటో దొర్లిపోయింది. కుర్చీ కింద, తెర వెనక వెతుకుతున్నాను.

"ఏమే, ఆ తలుపు మూలన ఉన్నది కాదూ?" అన్నారు అత్తయ్య మంచం మీదినుంచి.

నిజంగానే అక్కడ ఉంది. మంచానికి పది అడుగుల దూరం. తలుపెక్కడుందో తడుముకునే మనిషికి తలుపు మూలన ఉన్న గుండీ కనబడింది!

గుండీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తర్వాత వంటింట్లోకి పరుగెత్తి, పాలు కలపని టీ డికాషన్ ఒక గిన్నెలో, తెల్ల కప్పు ఒకటి తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"పోయండి."

"ఏమిటీ పరీక్ష?"

"పోయండి అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది."

గీత గీసినట్టు, అంచుకు వేలెడు కిందికి పోసి ఆపారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తెలుపు పక్కన తెలుపు పెట్టి, ఆవిడ ఇంటిని మా చేతులతో మేమే చెరిపేశాం. డాక్టరు చెబుతూ ఉంటే మేం వినని రెండో మాట ఇదే అయి ఉండాలి.

సాయంత్రానికి నేను ఒక్కదాన్నే బజారుకెళ్లి, కనబడేదేదో అదే కొన్నాను. రోడ్డు పనుల దగ్గర కడతారే, పసుపూ నలుపూ చారల పట్టీ, అది. ఇంటికొచ్చి ద్వారబంధాలకూ, మెట్టుకూ, గట్టు అంచుకూ, స్విచ్చుల చుట్టూ అతికించేశాను.

"కనబడుతోందా అత్తయ్యా?"

"కనబడక చస్తుందా? ఎక్కడ తవ్వుతున్నారు, మురుగు కాలవా?"

నా ముఖం మాడిపోయింది. ఆవిడే నా చెయ్యి పట్టుకున్నారు.

"కళ్లు మసకబారాయి గానీ నా బుద్ధి మసకబారలేదే పిల్లా. అందమేదో అనాకారితనమేదో నాకింకా తెలుసు. చూపు తగ్గిందని అందం కూడా వదులుకోవాలా? దారాల గట్టు దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్లు నిలబడ్డాను."

నేనే మరిచిపోయాను. దర్జీల సామాను అమ్మే దుకాణంలో అత్తయ్య దారాలు చూసేవారు. ఎవరు ఏ గుడ్డముక్క తెచ్చినా దానికి సరిపోయే దారపు ఉండ తీసిచ్చేవారు. రంగులకు ఆవిడ సాధారణంగా పేర్లు పెట్టరు. అరల నంబర్లతో చెబుతారు. ఆవిడ లెక్కలో మా ఆయన పెళ్లిచూపులకు వేసుకొచ్చిన చొక్కా 'ఆరో అర, రెండో వరస'.

"రేపు నన్ను తీసుకెళ్లు," అన్నారు. "కానీ ముందు ఇంట్లో ఏముందో చూడాలి. దుకాణం ఆ తర్వాతే."

పొద్దున్నే పెట్టెలు దించాం. అడుగున దానిమ్మగింజ రంగు పాత దుప్పటి దొరికింది. అంచులు చిరిగాయి గానీ నడుమ గుడ్డ గట్టిగానే ఉంది. సగం ఆవిడ కుర్చీకి తొడుగయింది. మిగిలినదాంట్లో ఒక ముక్క దేవుడి మూలకు, ఒకటి స్నానాల గది తలుపుకు తెరగా. అటక మీది చెక్క పళ్లెం తుడిచి తెల్ల పంచదార డబ్బా కింద పెడితే, డబ్బా ఎక్కడుందో ఆవిడ దూరం నుంచే చెప్పారు. ఇలా ఒక్కొక్కటీ కుదిరాక, కొనాల్సినవి మూడే మిగిలాయి. ద్వారబంధాలకూ మెట్టుకూ ఒక చిన్న డబ్బా రంగు, మెట్టు అంచుకు అంతకన్నా చిన్నది, మూడు ముదురు రంగు కప్పులు.

రంగుల దుకాణంలో ట్యూబులైటు కింద ఒక పొడవాటి కార్డు పరిచాడు యజమాని. అత్తయ్య దానివైపు చూడనైనా చూడలేదు.

"ఎండలోకి తీసుకురా నాయనా."

"ఇక్కడే బాగా కనబడుతుందమ్మా, కొత్త లైట్లు."

"మా ఇంట్లో నీ లైట్లు లేవుగా."

అతను కార్డు పట్టుకుని బయటికొచ్చాడు. ఫుట్‌పాత్ మీద, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ తప్పుకుంటూ ఉంటే, ఆవిడ కార్డును ముక్కు దగ్గరికి తెచ్చుకుని, మళ్లీ చేయి చాచి దూరం పెట్టి, పక్కకు వంచి చూశారు. ఒకదానికొకటి పోల్చమని నన్నడిగారు. "దీన్లో ఎరుపు కలిసిందా? లేదా? అయితే ఇది తొమ్మిదో అర కాదు." నిజానికి నాకు తేడా తెలియలేదు. రెండు కళ్లూ బాగున్న నాకు తెలియనిది, మసక కళ్లకు తెలుస్తోంది.

"ఇదీ," అన్నారు చివరికి. చీకటి పడేముందు ఆకాశంలో ఒక్క పావుగంట ఉంటుందే, ఆ నీలం. "పన్నెండో అర, అడుగు వరస. మెట్టుకి కూడా ఇదే, దాని అంచుకి పండిన నిమ్మకాయ పసుపు. రెంటికీ పడుతుంది."

యజమాని నసిగాడు. "ఇప్పుడందరూ లేత రంగులే కొంటున్నారమ్మా. ముదురు వేస్తే ఇల్లు చిన్నదిగా కనబడుతుంది."

"కనబడితే చాలు నాయనా, చిన్నదైతేనేం."

అత్తయ్య ఆ రంగుల కార్డు కూడా అడిగి తీసుకున్నారు. పక్క కొట్లో కప్పులు. పన్నెండింటి సెట్టు తీసుకోండి, చాలా తగ్గించి ఇస్తానన్నాడు ఆ కొట్టతను. "మేం ముగ్గురం. మిగిలిన తొమ్మిదీ అలమరాలో కూర్చుని మమ్మల్ని చూస్తుంటాయా?" అని అత్తయ్య మూడే తీసుకున్నారు. లోపలా బయటా నీలంగా, చేతికి బరువుగా ఉన్నాయి. ఒక్కో కప్పునూ చేతులతో తడిమి, చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి విన్నారు. ఒకదాన్ని వెనక్కిచ్చి ఇంకోటి మార్పించుకున్నారు. అంత నింపాదిగా నేనెప్పుడూ ఏదీ కొనలేదు. ఇంటికొస్తున్నప్పుడు, సంచి ఇంత తేలిగ్గా ఉండి మనసు ఇంత నిండుగా ఉండటం కూడా నాకు కొత్త.

మా ఆయన నీలం డబ్బా చూసి, తన తెల్ల ద్వారబంధాన్ని ఒకసారి తడిమారు. "రెండు ఆదివారాలు..." అన్నారు.

"మంచి పూత వేశావురా," అన్నారు అత్తయ్య. "దానిమీద ఏ రంగైనా నిలుస్తుంది."

ఆయన చొక్కా మార్చుకుని, నా చారల పట్టీలు పీకేసి, కుంచె పట్టుకున్నారు.

దేవుడి మూలలో దానిమ్మరంగు గుడ్డ కట్టిన సాయంత్రం దీపం వెలిగించి పక్కకు జరిగాను. అత్తయ్య చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డారు. "అదుగో, ఊగుతోంది," అన్నారు మెల్లగా. గాలికి వత్తి నిజంగానే ఊగుతోంది. తెలుపే పవిత్రమని నాకు ఎవరు చెప్పారు? దేవుడు చేసిన లోకంలో తెలుపెంత? పాలూ, మబ్బులూ, కొన్ని పూలూ. తక్కినదంతా రంగే కదా. ఆ రాత్రి దండం పెట్టుకుంటూ ఇదే అడిగాను. జవాబు రాలేదు గానీ, అడిగినందుకు కోపం వచ్చినట్టు కూడా అనిపించలేదు.

నెలాఖరు ఆదివారం వచ్చింది. సరిగ్గా ఆ పొద్దున్నే ఎక్కడో మూడో అంతస్తులో లిఫ్టు ఆగి మనుషులు ఇరుక్కున్నారని మా ఆయనకు ఫోను. "అక్క తీసుకెళ్లిపోతానంటే ఆపు," అని నాకు చెప్పి పరుగెత్తారు. హెడ్మిస్ట్రెస్‌గారిని ఆపడమట, అదీ నేనట!

ఆడపడుచు అమ్మని పిలుస్తూ వచ్చి, నీలం ద్వారబంధాలు చూసి ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగారు. మీగడ రంగు బట్టల్లో తెల్లగోడ పక్కన నిలబడ్డారు.

"గొంతు వినబడింది. మనిషేది?" అన్నారు అత్తయ్య.

"ఇక్కడే ఉన్నానమ్మా, నీ ఎదురుగా."

"ఆ గోడలో కలిసిపోయావే. ఇలా వచ్చి ఎర్ర కుర్చీలో కూర్చో, నీ ముఖం చూడాలి." ఆవిడ కూర్చున్నారు. "ఆ, ఇప్పుడున్నావు. చిక్కిపోయావేమే? బళ్లో పిల్లలు తినేస్తున్నారా?"

అత్తయ్య లేచారు. నేను కూడా లేవబోతే, "నువ్వు కూర్చో," అన్నారు. కూర్చున్నాను. దేవుడా, ఆ ఒక్క మెట్టు.

ఆవిడ హాలు దాటారు. నీలం ద్వారం దగ్గరికొచ్చి, తల కొంచెం వంచి, కింద పసుపు గీతను చూసి, అడుగెత్తి మెట్టు ఎక్కారు. ఏదో ముగ్గును తొక్కకుండా దాటినంత తేలిగ్గా ఎక్కారు. లోపల పొయ్యి వెలిగిన చప్పుడైంది. చెంచా మోగింది. ఆడపడుచు కుర్చీ అంచుకు జరిగి వింటున్నారు. ఆ పది నిమిషాలూ ఆవిడ హెడ్మిస్ట్రెస్ కాదు. పరీక్ష రాసే పిల్లలా ఉన్నారు.

చెక్క పళ్లెంలో మూడు నీలం కప్పులు వచ్చాయి. మెట్టు దిగేటప్పుడు కూడా అత్తయ్య ఆగింది అర క్షణమే. పాల టీ అంచుకు వేలెడు కిందికి, మూడింట్లోనూ ఒకే మట్టంలో ఉంది. పళ్లెం మీద చుక్క లేదు.

"తాగవే, చల్లారిపోతుంది," అన్నారు కూతురితో.

ఆవిడ తాగలేదు. కప్పు పట్టుకుని కళ్లు తుడుచుకున్నారు. "నేను నిన్ను తీసుకెళ్దామని..." అన్నారు.

"తెలుసు. నీ చెయ్యి పట్టుకుని నడిపించిందాన్ని, నీకు భయమేస్తే నాకు తెలియదా?"

కప్పులు ఖాళీ అయ్యాక ఆడపడుచు నాతో, "ఏమ్మా, ఇదంతా ఎవరి ఆలోచన?" అన్నారు.

"నాది రోడ్డు పట్టీ వరకే వదినగారూ. రంగులన్నీ అత్తయ్యవి."

ఆవిడ తల్లి వైపు తిరిగి, గొంతు తగ్గించారు. "అమ్మా, మా మామగారు కూడా ఈమధ్య మెట్ల మీద తడుముకుంటున్నారు. మా మెట్లన్నీ బూడిదరంగు రాయి. ఏ రంగు వేస్తే బావుంటుందంటావ్?"

"ఇక్కడ కూర్చుని ఎలా చెప్పనే? పగటి వెలుతురులో చూడాలి. రాయి మీద వెలుతురు పొద్దున ఒకలా పడుతుంది, మధ్యాహ్నం ఒకలా పడుతుంది." అత్తయ్య అప్పటికే కుర్చీలోంచి లేచారు. "ఏమే, ఆ కార్డెక్కడ పెట్టావ్?"

"అమ్మా, బట్టలు సర్దించనా?" అన్నారు ఆడపడుచు ఆశగా.

"బట్టలెందుకు? పని చూసుకుని వచ్చేస్తాగా. ఆరింటికల్లా దింపాలి, దీపం టైముకి ఇంట్లో ఉండాలి నేను."

కార్డు చంకలో పెట్టుకుని, కూతురికంటే ముందు నడుస్తూ ఆవిడ వీధిలోకి వెళ్లారు.

మధ్యాహ్నం మా ఆయన ఫోను చేశారు. లిఫ్టులోంచి మనుషులు క్షేమంగా బయటపడ్డారట. ఆయన గొంతు మాత్రం ఇంకా లోపలే ఇరుక్కుని ఉంది.

"అమ్మ ఉందా? అక్క తీసుకెళ్లిపోయిందా?"

"తీసుకెళ్లారు," అన్నాను, నవ్వాపుకుంటూ. "అత్తయ్య పని మీద వెళ్లారు. సాయంత్రం ఆరింటికి ఇంటికొస్తారు."